యువరాజు గరిటె పట్టడంపై మా అభ్యంతరం

2017 జనవరి 30న చైనా టెలివిజన్‌లో మొదలై, మార్చి ఒకటో తేదీకల్లా 58 భాగాలూ ముగించుకున్న ‘ఎటర్నల్ లవ్’ అనే పౌరాణిక ప్రేమ ధారావాహిక మీద తెలుగునాట రావలసినంత ఖండన ఇంతవరకు రాలేదని మా అభిప్రాయం. పరాయి దేశంవారు తమ దేశంలో ఏది చూసుకున్నా మనకు పట్టింపు ఉండనక్కరలేదు. కాని అదే ధారావాహిక ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తగిలించుకుని, హిమాలయాలను అవలీలగా దాటి, మన ఇళ్ళలోని సెల్‌ఫోన్లలోకి చొరబడి, ఏళ్ళు గడిచినా తిరిగి వెళ్ళే ఆలోచన చేయకపోవడం వల్ల, భర్తల తరఫున, వారెవరూ మమ్మల్ని కోరకపోయినా, కొన్ని సంగతులు విన్నవించుకోవలసి వచ్చింది. ఒక్కొక్క భాగం సుమారు ముప్పావు గంట చొప్పున మొత్తం నలభై మూడు గంటల పైచిలుకు అవుతుంది. ఆ లెక్క మీద మాకు కోపం లేదు. అయిదు రోజుల టెస్టు మ్యాచ్‌ను బంతి బంతీ చూసి, చివరికి అది డ్రా అయిందని తెలుసుకుని తృప్తిగా లేచేవాళ్ళం కాలం విలువ గురించి ఇంకొకరికి పాఠం చెప్పలేము.

మా అభ్యంతరం మాయల మీద అనుకునేవారు కూడా పొరబడినట్టే. కథానాయిక బాయ్ చియెన్ తొమ్మిది తోకల నక్క. పది తలల రాజును ఊహ తెలిసినప్పటి నుంచి ఒప్పుకుంటున్న జాతి తొమ్మిది తోకల దగ్గర పేచీ పెట్టదు. ఆమె వయసు 1,40,000 సంవత్సరాలంటే నోరు వెళ్ళబెట్టేవారు ఇతర దేశాల్లో ఉంటారేమో గాని, కలియుగం ఒక్కదానికే 4,32,000 సంవత్సరాలని పంచాంగంలో చదువుకునే మనకు ఆమె పసిపిల్ల కింద లెక్క. చైనావారి ప్రాచీన గ్రంథం ‘షాన్ హై జింగ్’లో చింగ్‌చియూ అనే కొండ మీద తొమ్మిది తోకల నక్క ఒకటి ఉంటుందని, దాని కూత పసిబిడ్డ ఏడుపును పోలి ఉంటుందని, అది మనుషులను తింటుందని రాసి ఉంది. ఈ ధారావాహికకు మూలమైన నవలను రాసిన థాంగ్ చీ ఆ చింగ్‌చియూనే కథానాయికకు పుట్టిల్లు చేసి, మనుషులను తినే అలవాటు మాన్పించి, దాని బదులు పీచ్ పూల మద్యం సేవించి బారెడు పొద్దెక్కేవరకు నిద్రపోయే అలవాటు చేశారు. మనుషులను తినడం మానిన నక్క మా బుర్రలు తినే పనిని తన అభిమానులకు అప్పగించిందన్నది తప్ప ఈ మార్పులోనూ మాకు ఏ లోపమూ కనిపించలేదు.

నిజం చెప్పాలంటే మొదటి సగం గురించి మా దగ్గర ప్రశంసలే ఉన్నాయి. కథానాయిక మగవేషం వేసుకుని, కున్‌లున్ పర్వతం మీద యుద్ధదేవుడు మో యువాన్ దగ్గర పదిహేడో శిష్యుడిగా చేరుతుంది. ఆ గురువు శత్రురాజు చింగ్ చాంగ్‌ను ఒక మహాఘంటలో బంధించి ప్రాణం విడిస్తే, ఆయన దేహం పాడవకుండా ఆమె నెలనెలా ఒక గిన్నెడు గుండె నెత్తురు పోస్తూ 70,000 సంవత్సరాలు కాపాడుతుంది. ఒక మగవాడు వేల ఏళ్ళపాటు కదలకుండా పడుకుని ఉండడం, ఒక స్త్రీ అతనికి కావలసినవన్నీ వేళ తప్పకుండా అందించడం అనే ఈ ఏర్పాటులో కల్పన పాలు చాలా తక్కువ గనుక, ఆ ఘట్టం చూస్తున్నంతసేపూ మాకు సొంత ఇంట్లో కూర్చున్నట్టే ఉంది.

ఆ తరువాత ఆమె అదే చింగ్ చాంగ్‌తో తలపడి, శక్తులూ జ్ఞాపకాలూ పోగొట్టుకుని, సు సు అనే మామూలు మానవ స్త్రీగా జున్‌జీ కొండ మీద ఒక గుడిసెలో తేలుతుంది. గాయపడి అక్కడికి చేరిన దేవలోక యువరాజు యె హువా ఆమె చేత సేవలు చేయించుకుని, మానిన గాయం మానలేదన్నట్టు నటించి మరికొన్నాళ్ళు అక్కడే ఉండిపోయి, చివరికి ఆమెను పెళ్ళాడతాడు. జలుబు చేస్తే వారం రోజులు మంచం దిగని మన పురుషలోకానికి ఇందులో ఎబ్బెట్టుగా తోచేది ఏదీ లేదు. పని మీద దేవలోకానికి బయలుదేరుతూ అతడు ఇంటి చుట్టూ ఒక కట్టు గీసి, దాన్ని దాటవద్దని భార్యకు చెబుతాడు. ఒంటరిగా అనిపించినప్పుడు ఇందులో మాట్లాడితే తాను వింటానని ఒక కంచు అద్దం ఇస్తాడు. గీత సంగతి తెలుగు పాఠకులకు మేము వివరించనక్కరలేదు. అద్దం మాత్రం చైనావారు అదనంగా చేర్చినది. పంచవటిలో గీత ఉంది గాని వీడియో కాల్ సౌకర్యం లేదు.

గీత దాటిన ఆడవారికి ఏ దేశపు కథలోనైనా జరిగేదే ఆమెకూ జరిగింది. దేవలోకంలో సు జిన్ అనే అంతఃపుర స్త్రీ, దేవతలను సైతం అంతం చేసే ఒక వేదిక మీద నుంచి తానే పడిపోయి, సు సు తోసిందని ఆరోపించింది. దేవరాజు సాక్షులను పిలవలేదు, నిందితురాలు గర్భవతి కదా అని ఆలోచించలేదు. సు జిన్ పోగొట్టుకున్న కళ్ళకు బదులు సు సు కళ్ళు తీసి అమర్చాలని తీర్పు చెప్పాడు. ఆ పనిని ఆమె భర్తే స్వయంగా నిర్వహించాడు. నిర్వహిస్తూ, ఇదంతా నీ మంచికే అన్న ముఖం పెట్టాడు. ఎందుకు మంచో మాత్రం చెప్పలేదు. తాను ఆమెను ప్రేమిస్తున్నట్టు బయటపడితే దేవలోకం ఆమెను బతకనివ్వదని భయపడి, ఆ ప్రేమ ఎవరికీ తెలియకుండా, మరీ ముఖ్యంగా ఆమెకు తెలియకుండా, ఎంతో నేర్పుగా దాచిపెట్టాడు. ఇంతకు మించి వాస్తవికమైన భర్త పాత్రను మేము ఏ తెరమీదా చూడలేదు. మనలో ఎంతమంది ముప్పయ్యేసి ఏళ్ళుగా ఇంతే జాగ్రత్తగా దాచుకుంటూ రావడం లేదు?

ఇక్కడికి ఆపి ఉంటే ఇది ఇంటింటా చూపించదగిన ధారావాహిక అయ్యేది. దురదృష్టవశాత్తు కథ ఇక్కడి నుంచే చెడిపోవడం మొదలవుతుంది. సు సు బిడ్డను కని, ఆ వేదిక మీద నుంచే దూకేస్తుంది. ఆమె దూకడం అర్థం చేసుకోదగినదే. భార్యలు అలిగి పుట్టింటికి పోవడం అన్ని నాగరికతల్లోనూ ఉంది. కాని వెనకే యువరాజు కూడా దూకాడు. మాకు మొదటి అనుమానం కలిగింది అక్కడే. ప్రాణం పోకుండా బయటపడిన ఆమె తన అసలు రూపానికీ హోదాకూ తిరిగి వచ్చి, పీచ్ తోటలో కాపురముండే జె యెన్ అనే పెద్దాయన దగ్గరికి వెళ్ళి, ఈ పెళ్ళి మొత్తాన్ని మరచిపోయే మందు అడిగి తాగింది. మన శకుంతల కథలో మరచిపోయినవాడు మగవాడు. తప్పు దుర్వాసుడి శాపానిది, లేదంటే నీళ్ళలో జారిన ఉంగరానిది. ఆడదానికి మాత్రం అంతా గుర్తుండి తీరాలి, సభకు వచ్చి ఒక్కొక్క ఆనవాలూ చెప్పుకుని అవమానపడాలి. ఈ చైనావారు ఆ మరపును తీసుకెళ్ళి స్త్రీకి ఇచ్చారు. ఇచ్చి, 300 సంవత్సరాలపాటు జ్ఞాపకం పెట్టుకుని కుమిలిపోయే పనిని భర్తకు అప్పజెప్పారు. ఆ మూడు వందల ఏళ్ళూ కొడుకును పెంచింది కూడా తండ్రే. పిల్లవాడు బొద్దుగా, ముద్దుగా, మర్యాదగా పెరగడం చూస్తే, తండ్రుల మీద లేనిపోని ఆశలు పెంచే కుట్ర ఎంత లోతుగా జరిగిందో తెలుస్తుంది.

వీరిద్దరి సంబంధం కుదిరిన తీరును కూడా ఇక్కడే ప్రస్తావించాలి, అది మాకు నచ్చింది కనుక. బాయ్ చియెన్‌ను మొదట యె హువా పినతండ్రి సాంగ్ జీకి ఇచ్చి చేయాలని నిశ్చయించారు. ఆయన ఆమె దగ్గర పరిచారికగా ఉన్న ఒక పాముపిల్లను ప్రేమించి వెళ్ళిపోయాడు. పరువు దక్కించుకోవడానికి దేవరాజు, యువరాజు పదవికి ఎవరు వస్తే వారికే ఈ పిల్లను ఇవ్వాలని ఆజ్ఞ జారీ చేశాడు. అప్పటికి ఆ పదవిలో ఎవరు కూర్చుంటారో తేలనే లేదు. పేరు తెలియకుండా, ముఖం చూడకుండా, కేవలం ఉద్యోగాన్ని చూసి సంబంధం ఖాయం చేసుకోవడంలోని విజ్ఞతను అభినందించడానికి తెలుగువారికంటె అర్హులెవరూ లేరు. అయితే ఆ ఉద్యోగంలోకి వచ్చిన యె హువా వయసు సుమారు 50,000 సంవత్సరాలే కావడంతో వధువు 90,000 సంవత్సరాలు పెద్దదయింది. మా ఇళ్ళలో రెండేళ్ళు పెద్దదయితేనే జాతకాలు కలవడం మానేస్తాయి.

ఇక అసలు అభ్యంతరానికి వస్తాము. జ్ఞాపకం లేని భార్యను మళ్ళీ కలుసుకున్న యె హువా, చింగ్‌చియూలోని నక్కల గుహలో మకాం పెడతాడు. దేవలోకపు ఆఫీసు పని ఆగకూడదు గనుక ఒక చిన్న ఉద్యోగి దస్త్రాలను మోసుకుని అక్కడికే తెచ్చి ఇచ్చి పోతుంటాడు. యువరాజు వాటిని చదివి, ముద్ర వేసి, లేచి, వంటింట్లోకి నడిచి, వంట చేస్తాడు.

ఈ దృశ్యాన్ని పాఠకులు కొంచెం నిదానంగా చూడాలి. మనిషి మూడు లోకాలకు కాబోయే రాజు. ఒంటి మీద నేల జీరాడే నల్లని దుస్తులు. ఆ చేతుల మడతలు పైకి లాక్కుని పొయ్యి ముందు నిలబడతాడు. లక్షా నలభై వేల ఏళ్ళ దేవత ఏమీ చేయకుండా చూస్తూ ఉంటుంది, ఎందుకంటే ఆమెకు వంట రాదు. వంట రాదని ఆమె సిగ్గుపడదు, నేర్చుకోవాలని అతడు సూచించడు, అమ్మ నేర్పలేదా అని ఎవరూ అడగరు. వండినవాడు, ఇదిగో నేను వండాను అని ప్రకటించడు. ఉప్పు సరిపోయిందా అని మూడుసార్లు అడగడు. ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెట్టడు. అన్నిటికంటె దారుణం, పరాయి ఇంటి వంటింట్లో నిలబడి, ఏ వస్తువు ఎక్కడుందని మాకు కనిపించినంతవరకు ఒక్కసారి కూడా అడగడు. మబ్బుల మీద ప్రయాణాన్ని, చచ్చి బతకడాన్ని, కొడుకుగా పుట్టిన డ్రాగన్‌ను నోరు మూసుకుని ఒప్పుకున్న మేము, ఈ ఒక్క చోట, దర్శకులు వాస్తవికతను పూర్తిగా గాలికి వదిలేశారని చెప్పక తప్పడం లేదు.

దీని పర్యవసానాలు ఊహాజనితమైనవి కావు. మాకు తెలిసిన ఒక గౌరవనీయ గృహస్థు, ఇంట్లో పరిస్థితి చేయి దాటకముందే సర్దుబాటు చేద్దామని, ఒక ఆదివారం పప్పు తాను పెడతానని వంటింట్లోకి వెళ్ళారు. ఆయన భార్య ముందు గదిలో ధారావాహిక చూస్తున్నారు.

“ఏమే, ఆవాలెక్కడున్నాయి?”

“పోపుల డబ్బాలో ఉన్నాయండీ.”

“పోపుల డబ్బా ఎక్కడుంది?”

“మన పెళ్ళయినప్పటి నుంచి ఆ అరలోనే ఉందండీ.”

ఆ తరువాత ఎండుమిర్చికి ఒకసారి, ఇంగువకు ఒకసారి, మంట తగ్గించాలా అని ఒకసారి, కుక్కర్ ఎన్ని విజిల్స్ రానివ్వాలని ఒకసారి పిలిచారు. పిలిచినప్పుడల్లా ఆవిడ ధారావాహికను ఆపి, సమాధానం చెప్పి, మళ్ళీ ముందుకు నడిపారు. చివరికి ఆవిడే లేచి వచ్చి పప్పు పోపు వేసి వెళ్ళారు. అంతవరకు పరవాలేదు. వెళుతూ వెళుతూ, ఎప్పుడూ అనని మాట ఒకటి అన్నారట: “మీరు వద్దులెండి, దస్త్రాలు చూసుకోండి.” ఆయన రిటైరై నాలుగేళ్ళయింది. ఇదివరకు మన ఇళ్ళలో కూర ఎలా ఉందని అడిగేవారు. ఇప్పుడు కూర ఎవరు వండాలని అడుగుతున్నారు. రెండు ప్రశ్నలకూ మధ్య దూరం 58 భాగాలు.

వంట సంగతి అలా ఉంచినా, రెండో సగం నిండా ఇంకొక దుర్బోధ ఉంది. పాత సంగతులు తవ్వడం అనే దుర్గుణాన్ని ఈ ధారావాహిక సుగుణంగా చూపిస్తుంది. జ్ఞాపకం తిరిగి వచ్చిన మరుక్షణం బాయ్ చియెన్ నేరుగా సు జిన్ ఇంటికి వెళ్ళి, మూడు వందల ఏళ్ళుగా నా కళ్ళు నీ దగ్గర ఉన్నాయి, నువ్వే తీసి ఇస్తావా, నన్ను తీసుకోమంటావా అని అడుగుతుంది. గొంతు పెంచదు. కన్నీళ్ళు పెట్టదు. ఇంట్లో అద్దెకున్నవారిని ఖాళీ చేయమన్నట్టు అడుగుతుంది. తీసుకుంటుంది కూడా. తెలుగు డ్రామాలో అయితే ఇక్కడ ఒక పెద్దావిడ అడ్డుపడి, జరిగిందేదో జరిగిపోయింది, ఆడపిల్లవు, నువ్వే సర్దుకుపో అనాలి. ఈ చింగ్‌చియూలో అలాంటి పెద్దావిడ ఒక్కరూ లేరు. అభిమానులు మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూసే దృశ్యం ఇది. ఎంత పద్ధతిగల ఇల్లాలయినా ఈ దృశ్యం చూస్తున్నప్పుడు ఆమె ముఖంలో కనిపించే ప్రశాంతతను గమనించిన భర్త ఆ రాత్రి తొందరగా నిద్రపోలేడు.

భర్తను కూడా ఆమె వదలలేదు. అతడు చింగ్‌చియూ ముఖద్వారం దగ్గర రోజుల తరబడి నిలబడితే లోపలికి రానివ్వలేదు. దానికి ముందు ఆమె గురువును బతికించే మూలిక కోసం అతడు నాలుగు క్రూరమృగాలతో పోరాడి కుడిచేతి సత్తువ పోగొట్టుకున్నాడు. తన తపోబలాన్ని ధారపోసి ఆ మందు తయారుచేశాడు. చేసి, ఆమెకు చెప్పలేదు. ఇంత పని చేసి చెప్పుకోకపోవడం మా దృష్టిలో పురుషజాతికి చేసిన ద్రోహం. మేము గ్యాస్ సిలిండర్ మార్చినా నలుగురికీ తెలియజేస్తాము. కళ్ళు తీసినవాడు చెయ్యి ఇచ్చుకున్నాడు, ఏడిపించినవాడు ఏడ్చాడు, ఆమెను వేదిక మీదికి నెట్టిన లోకం కోసం చివరికి అదే మహాఘంట దగ్గర తన ప్రాణమే పెట్టాడు. అప్పు ఇంత ఖచ్చితంగా, వడ్డీతో సహా వసూలవుతుందని చూపించే కథకు ఆడవారు అతుక్కుపోవడంలో వింతేముంది? అసలు జీవితంలో ఇలాంటి అప్పులను మనం ‘అయిందేదో అయింది’ అనే పద్దు కింద ఏనాడో మాఫీ చేసుకున్నాము. ఆ ఖాతాలను మళ్ళీ తెరిపించడం ఏ దేశపు స్నేహధర్మం?

70,000 ఏళ్ళ నిద్ర లేచిన గురువు మో యువాన్ గురించి కూడా ఒక మాట. శిష్యురాలి మీద ప్రేమ ఉన్నా, తన తమ్ముడైన యె హువాకే ఆమె నిశ్చయమైందని తెలిసి, ఆయన ఒక్క మాట బయటపెట్టకుండా తప్పుకుంటాడు. ఆయనకు పక్షపాతం చూపే వీక్షకులు, యె హువాకు పక్షపాతం చూపే వీక్షకులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. రెండు పాత్రలనూ వేసింది మార్క్ చావ్ అనే ఒకే నటుడు గనుక, యాంగ్ మీ పోషించిన కథానాయిక ఎవరిని చేసుకున్నా పారితోషికం ఒకే ఇంటికి చేరుతుందన్న సంగతి వారికి తట్టినట్టు లేదు.

చచ్చిపోయిన యె హువా మూడేళ్ళ తరువాత తిరిగి వస్తాడు. పూల చెట్ల కింద నిలబడి, ఆమెను పేరు పెట్టి పిలిచి, ఇటు రా అంటాడు. నలభై మూడు గంటల కథలో ఒక భర్త నోట రావలసిన మాట వచ్చింది అక్కడే. మేము సంతోషించేలోపు ధారావాహిక అయిపోయింది.

2020 ఫిబ్రవరిలో చైనా ప్రసార నియంత్రణ సంస్థ ధారావాహికలు 40 భాగాలు దాటకుండా ఉంటే మంచిదని సూచించిందని తెలిసి మొదట ఎంతో ఊరట పొందాము. తరువాత వచ్చినవాటిని పరిశీలిస్తే, కోత పడినది యుద్ధాలకూ, దేవసభలకూ, మగవారు మగవారితో గంభీరంగా మాట్లాడుకునే సన్నివేశాలకూ అని మాకు అనిపించింది. నాయకుడు నాయికకు గిన్నెలో ఏదో కలిపి తెచ్చి ఇవ్వడం మాత్రం యథాతథంగా ఉంది. చింగ్‌చియూ దృశ్యాలు తీసిన యున్నాన్ రాష్ట్రంలోని పుజెహెయ్ సరస్సులకు జనం ఎగబడి వెళుతున్నారు. వారు అక్కడ ఫొటోలు దిగి వచ్చినంతవరకు మాకు భయం లేదు. తిరుగు ప్రయాణంలో ఏమి మాట్లాడుకుంటున్నారన్నదే మా ఆందోళన.

నిషేధం మేము కోరడం లేదు. నిషేధిస్తే తలుపులు వేసుకుని చూస్తారు, అప్పుడు పప్పు పోపుకు కూడా దిక్కుండదు. మా కోరిక చాలా చిన్నది. సినిమాలో ఎవరైనా సిగరెట్ వెలిగించిన వెంటనే తెర అడుగున హెచ్చరిక వేయడం మన దేశంలో నిబంధన. అదే పద్ధతిని యె హువా పొయ్యి దగ్గరికి అడుగు వేసిన ప్రతిసారీ పాటించి, పెద్ద అక్షరాలలో, పెద్దవారికి కూడా కళ్ళజోడు లేకుండా కనిపించేటట్టు ఇలా వేయాలి: “ఈ దృశ్యంలోని వంట కల్పితం. ఇందులోని భర్త మీ భర్తను ఉద్దేశించినది కాదు. శిక్షణ లేనివారి చేత ఇంట్లో ప్రయత్నించవద్దు.” చివరి వాక్యాన్ని తొలగించాలని మా ఇంట్లో ఒకరు పట్టుబడుతున్నారు. తొలగించకూడదని మా నిశ్చితాభిప్రాయం.